తువాక్‌బీబీ పిట్టలు

తువాక్‌బీబీకి మోకాళ్లు అరిగాయి గానీ వేళ్లు అరగలేదు. కాపురానికొచ్చిన నాటి నుంచీ నేల మగ్గం మీదే ఉంది. ఆమె నేతకి వంక పెట్టినవాళ్లు లేరు. ఆమెకి ఉన్ని కడిగి, మంజిష్ఠ వేరు ఉడకబెట్టి రంగేసే పని నాది.

పోయిన వసంతంలో మనవరాలు మాయ్‌సాకి పెళ్లి కుదిరింది. మాలో పెళ్లికూతుర్ని ఒంటె మీదే అత్తారింటికి పంపుతాం; ఆ ఒంటెకి రెండు పక్కలా తివాచీ వేలాడాలి. తువాక్‌బీబీ తన అమ్మమ్మ నాటి జత పెట్టెలోంచి తీస్తే, ఒకదాన్ని పురుగు పిండి చేసేసింది.

"ఒక పక్క బోసిగా పంపిస్తే మగపెళ్లివాళ్లు ఊరుకుంటార్రా దుర్దీ? పిల్లని జన్మంతా పొడుస్తారు. ఎరుపు రంగు కాచు, రెండోది నేస్తాను," అంది నాతో.

మిగిలినదాని మీద వరసలుగా పిట్టలు. ముఖం వైపు ఉన్ని అరిగి మసకగా ఉంది. వెనక మాత్రం ముడులు గింజల్లా తేటగా ఉన్నాయి. దాన్ని బోర్లా పరుచుకుని, ఆ ముడులు చూస్తూ నేసింది.

పెళ్లి రేపనగా మగ్గం నుంచి కోసి, రెండూ పక్కపక్కన పరిచారు. కోడలు జెన్నెట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అత్తా, పాత పిట్టలు ఇటు చూస్తుంటే నీవి అటు చూస్తున్నాయేంటి?"

"వెనక నుంచి చూసి నేశాను కదే! తిరగబడిపోయాయి," అని ముసలామె కూలబడింది. ఆ పూట టీ కూడా ముట్టలేదు.

తెల్లారి ఒంటెని తోలుకొచ్చాను. "ఏది ఎటు కట్టను పెద్దమ్మా?"

"ఎటైతేనేం? పరువు ఎలాగూ పోయేదేగా. కట్టు."

కట్టాను. జెన్నెట్ ఒంటె చుట్టూ తిరిగి పకపకా నవ్వింది. "పిల్ల అత్తారింటికి బయల్దేరితే పిట్టలన్నీ తోకవైపు, పుట్టింటికి బయల్దేరాయి!"

తువాక్‌బీబీ తలెత్తింది. "అన్నీనా? రెండు పక్కలా?"

"రెండు పక్కలా."

"విప్పరా దుర్దీ! ఇటుది అటు, అటుది ఇటు కట్టు."

మార్చి కట్టేసరికి ఏ పక్క చూసినా పిట్టలన్నీ ఒంటె తలవైపే. ముసలామె కర్ర పట్టుకుని తనే ఒక చుట్టు తిరిగింది.

"మా అమ్మమ్మ రెండూ ఒకేలా నేసింది కదా, ఆ జతలో ఒక పక్కవి తోకవైపు పోయుంటాయి. పాపం, చెప్పేవాళ్లు లేరు ఆమెకి," అంది.

మధ్యాహ్నం మగపెళ్లివాళ్లలో నోరున్న ఆవిడ వచ్చి, రెండు పక్కలా చేత్తో తడిమి చూసింది. "ఇలాంటి జత నేనెక్కడా చూళ్లేదు. కావాలనే ఇలా నేశావా అక్కా?"

"మరి? ఒంటెకి రెండు పక్కలుంటాయని తెలీకుండా నేస్తానా?"

జెన్నెట్‌కి పొలమారింది. తువాక్‌బీబీ ఆమె వంక చూడకుండా, రొట్టె తుంచుకుని తాపీగా టీలో ముంచుకుంది.