మా ఆయన కాలి పుండు

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, మీ అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను మా ఆయన కాలి పుండుతో నా సాక్ష్యం మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోవద్దు, దేవుడు మా ఇంట్లోకి వచ్చింది ఆ దారినే.

ఇది తెలంగాణ రాష్ట్రం రాకముందు మాట. గోదావరిఖని చివర మా మామ ఉంచిపోయిన కొంచెం జాగాలో రెండు గదులు వేసుకుని ఉండేవాళ్లం. మేకలు, కోళ్లు, ఒక మునగచెట్టు, బావి పక్కన వావిలి పొద, కంచె మీద తిప్పతీగ, ఇదే మా ఆస్తి. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా గూట్లో గిన్నెలు గలగలమనేవి, ఆరేసిన బట్టల మీద మసి పడేది, అయినా ఆ ఇల్లంటే నాకు ప్రాణం. మా ఆయన కొమురయ్య బొగ్గుబాయిలో పని చేసేవాడు. డ్యూటీ దిగి వస్తే వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసేదాన్ని, దగ్గుకు మిరియాలు, శొంఠి, బెల్లం దంచి ఉండ చేసి ఇచ్చేదాన్ని, మోకాళ్లకు జిల్లేడాకు వెచ్చచేసి కట్టేదాన్ని. చుట్టుపక్కల వాళ్లు కూడా పిల్లలకు జ్వరమొచ్చినా, కడుపునొప్పి వచ్చినా దవాఖానకు పోయేముందు మా గడప తొక్కేవాళ్లు, రాజవ్వ చెయ్యి పడితే తగ్గుతుందని చెప్పుకునేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఎంత తీపిగా ఉండేదో దాచను.

అలాంటి ఇంట్లో, ఒక వానాకాలం, బాయిలో రాయి పడి మా ఆయన కాలి వేళ్ల మీద దెబ్బ తగిలింది. పెద్ద దెబ్బ కాదు. ఆయనకు షుగర్ ఉంది కాబట్టి దవాఖానకు పొమ్మన్నాను. "దవాఖాన ఎందుకే, నీ ఆకు పసరు చాలు" అన్నాడు. నేను పొంగిపోయాను. గడ్డిచామంతి ఆకు నూరి, పసుపు కలిపి కట్టాను. నాలుగు రోజుల్లో ఎండిపోవాల్సిన గాయం ఎండలేదు సరికదా, అంచులు ఉబ్బి, బొబ్బలు లేచి, నీరు కారడం మొదలైంది. వేపాకు కాచిన నీళ్లతో కడిగాను, వంకాయ, గోంగూర ఇంట్లోకి రానివ్వలేదు, కొత్త పసుపుకొమ్ములు తెచ్చి దంచాను. ఏం చేసినా పుండు లోతుకే పోతోంది. ఇంట్లో వాసన పట్టింది. మందు కోసం వచ్చేవాళ్లు ఆయన కాలు చూసి, ఏమీ అడక్కుండానే వెనక్కి తిరిగేవాళ్లు. కొన్నాళ్లకు రావడమే మానేశారు. అప్పుడు నేను పొయ్యి ముందు కూర్చుని ప్రార్థించిన మాటలు ఇవి: "ప్రభువా, నా చేతిల గుణం ఎందుకు తీసుకున్నవు? నా తప్పేందో చెప్పు, దిద్దుకుంట." ఆకాశం ఇనుప రేకులా ఉంది.

ఒకరోజు బావి దగ్గర ఆయన కాలికి కట్టిన గుడ్డపేలికలు ఉతుకుతున్నాను. పెళ్లయిన నాటి నుంచి బొగ్గు మసి బట్టలు ఉతికిన చేతులు నావి, ఏ నలుపు సబ్బుకు పోతుందో, ఏది పోదో నాకు తెలుసు. ఆ పేలిక మీద ఒక నల్ల మరక ఎంత రుద్దినా కదల్లేదు. అది జీడిగింజ మరక. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే నల్ల గింజ అది, దాని రసం తగిలితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. మందుల్లోకి పనికొస్తాయని ఆ గింజలు కొన్ని నేనే నా డబ్బాలో దాచాను. పరుగున పోయి మూత తీసి చూస్తే, సగం గింజలు కోసి ఉన్నాయి.

మా ఆయన మునగచెట్టు కింద కాలు చాపుకుని కూర్చున్నాడు. పేలిక ఆయన ముందర పడేశాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, అబద్ధం చెప్పలేదు.

"లొల్లి చెయ్యకు రాజవ్వ. కాలు ఖరాబైతే బోర్డుల అన్‌ఫిట్ రాస్తరట. పోరనికి నా నౌకరి అస్తది. నేనెట్లనో బాయిలనే పోత, గిట్ల పోతే వాని బతుకన్న నిలబడతది."

బొగ్గుబాయి ఇళ్లవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. తండ్రి పనికిరాడని మెడికల్ బోర్డు రాస్తే కొడుక్కి ఉద్యోగం దొరుకుతుందనే ఆశ మా వైపు ఇంటింటా ఉండేది. అందరికీ దొరికేది కాదు, అయినా ఆశ చావదు కదా. మా కొడుకు సతీష్ ఐటీఐ చదివి, పని దొరక్క, తలవంచుకుని ఇంట్లో తిరుగుతున్నాడు. వాడి ముఖం చూసీ చూసీ ఈయన ఈ పనికి ఒడిగట్టాడు.

డబ్బా తీసుకెళ్లి గింజలన్నీ పొయ్యిలో పారేయబోయి, ఆ పొగ కూడా మంచిది కాదని గుర్తొచ్చి, గుంట తవ్వి పూడ్చాను. ఆయన చూస్తూ కూర్చుని, "అవి తప్ప ఇంకేం దొరకయా" అన్నాడు, అంతే. ఆ తర్వాత మా ఇల్లు ఎలా ఉండేదో ఎవరికి చెప్పుకోను? నేను కట్టు కట్టడం, నేను మేకల వెంట పోగానే ఆయన ఆ కట్టు విప్పి పుండును కెలుక్కోవడం. బయట చెప్తే పరువు పోతుంది, చెప్పకపోతే కాలు పోతుంది, కొడుకుతో చెప్తే వాడు ఏమైపోతాడో తెలియదు. చిటికెన వేలు నల్లబడింది, ఆయనకు సాయంత్రమయ్యేసరికి చలిజ్వరం. "తండ్రీ, నువ్వు బాగుచేస్తుంటే ఈయన చెడగొట్టుకుంటున్నడు, నేనెవరితోని కొట్లాడాలె" అని ఏడ్చాను. ఆ రోజుల్లో అన్నం వండాను, ఇల్లు ఊడ్చాను, కోళ్లకు గింజలు చల్లాను, కానీ బతికినట్టు లేదు.

మా సంఘంలో పెద్దావిడ సారమ్మవ్వ ఆయనకు జ్వరమని విని ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన చేయడానికి వచ్చింది. నేను ఆమెకు ఏమీ చెప్పలేదు, నిజంగా చెప్పలేదు సహోదరులారా. ఆమె మంచం పక్కన కూర్చుని, ఆయన తల మీద చెయ్యి పెట్టి, మళ్లీ ఎందుకో తీసేసింది.

"కొమురయ్యా, ప్రార్థన చేస్త గని, ముందుగాల ఓ మాట చెప్పు బిడ్డా. నీకు బాగుకావాలని ఉన్నదా?"

గుమ్మంలో నిలబడ్డ సతీష్ నవ్వబోయాడు, ఎవరైనా కాదంటారా అన్నట్టు. తర్వాత వాళ్ల బాపు ముఖం చూసి ఆగిపోయాడు. మా ఆయన తల దించుకున్నాడు.

"లేదవ్వ. నాకు బాగైతే వీనికి నౌకరి రాదు."

సతీష్‌కు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక వాడు వచ్చి కింద కూర్చుని, ఆ వాసన వచ్చే కాలును తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. "నీ కాలు కుళ్లితే అచ్చే నౌకరి నాకద్దు బాపు. బాయిల దిగినప్పుడల్లా గిదే యాదికస్తది, నేనెట్ల పని చెయ్యాలె" అన్నాడు. క్రిస్మస్‌కు తప్ప మందిరం మెట్లెక్కని మనిషి, నా ముందు ఎన్నడూ కన్నీరు పెట్టని మనిషి, మా ఆయన, పసివాడిలా ఏడ్చాడు. ఆయన చేసిన మొదటి ప్రార్థన నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: "యేసయ్యా, నాకు ప్రార్థన రాదు. నా కాలు నాకు కావాలె. నా కొడుకును నువ్వే చూసుకో."

తెల్లారి దవాఖానలో చేర్పించాం. చేసుకున్నదంతా ఆయన డాక్టరుతో తన నోటితోనే చెప్పాడు. రెండు వేళ్లు తీసేశారు. ఇంకా ఆలస్యమైతే మోకాలి దాకా తీయాల్సి వచ్చేదన్నారు. చాలా రోజులు పట్టింది, అయినా పుండు మానింది. ఇప్పటికీ నా గూట్లో వాము, శొంఠి ఉన్నాయి, పిల్లలకు కడుపునొప్పి వస్తే ఇస్తాను, పుండు అని ఎవరైనా వస్తే మాత్రం చెయ్యి కూడా పెట్టకుండా దవాఖానకు పంపిస్తాను.

కాలు మానాక బోర్డుకు పిలిచారు. ఫిట్ అని రాశారు, బాయిలోకి దిగకుండా పైన పని ఇవ్వమన్నారు. ఆ సాయంత్రం మా వాడకట్టు ఆడవాళ్లు ముఖాలు వేలాడేసుకుని మా ఇంటికొచ్చారు. "ఫిట్ రాసిండ్రట గదా అక్కా, గట్లెట్ల జేసిండ్రు" అంటూ నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు, ఒకామె కొంగుతో కళ్లు కూడా ఒత్తుకుంది. వాళ్లను తప్పుపట్టను, మా దగ్గర బతుకులు అలాంటివి. అందరికీ చాయ్ పోశాను. వాళ్లు పోయాక నేనూ ఏడ్చాను, అందులో సంతోషం ఎంతో, కొడుకు మీద బెంగ ఎంతో దేవునికే తెలుసు.

సతీష్ మా దగ్గరి జైపూర్ పవర్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా కుదిరాడు. ఇన్నేళ్లయినా పర్మనెంటు కాలేదు, ఆ బాధ తీరిందని ఇక్కడ నిలబడి అబద్ధం చెప్పలేను. మా ఆయన తెలంగాణ వచ్చిన ఏడాది రిటైరయ్యాడు. కొంచెం కుంటుతూ నడుస్తాడు, ఆదివారం నాకంటే ముందే బయలుదేరుతాడు.

సహోదరులారా, మీలో ఎవరైనా ఇంట్లో ఒక మనిషి జబ్బు మీద ఆశ పెట్టుకుని ఉంటే, లేదా మీవాళ్ల కోసమని మీ ఒంటిని మీరే పాడు చేసుకుంటూ ఉంటే, ఆ ఆశను తెచ్చి ప్రభువు చేతిలో పెట్టండి. ఆయన వెంటనే ఇంకేదో ఇస్తాడని నేను చెప్పను, మాకు ఇవ్వలేదు, ఏళ్ల తరబడి చేతులు ఖాళీగానే ఉండొచ్చు. మా ఇంట్లో మనిషి మాత్రం మిగిలాడు. దేవునికే మహిమ.