పెద్ద సామికి నేను చేసిన అనువాదం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉండేది కాదు. ఇరవై ఏళ్ల వయసులో అందరికీ అంతేనేమో గానీ, నాకు ఆ జబ్బు కాస్త ముదిరింది. విరుదునగర్‌లో సామియార్ల దగ్గర, అంటే చర్చి పాదిరీల దగ్గర, ఎనిమిది నెలలు చదివాను. లాటిన్ ప్రార్థనలు తమిళ అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టాను (ఒక్క ముక్కకీ అర్థం తెలీదు, నా పాండిత్యంలో గొప్పతనం అదే). ఆ పైన, కోవిల్‌పట్టి దారిలో ఉన్న మా నల్లరేగడి ఊరికి ఉపదేశిగా తిరిగొచ్చాను. ఉపదేశి అంటే జనానికి జపాలు నేర్పి, సంస్కారాలకు సిద్ధం చేసే పంతులు. తెల్ల పంచె, ఎండాకాలంలో కూడా విప్పని కోటు, మెడలో జానెడు ఇత్తడి శిలువ. దాని మీదున్న ఆయన ఎందుకు చచ్చాడో ఎన్నడూ ఆలోచించలేదు గానీ, ఎండలో మెరవాలని వారానికి రెండుసార్లు చింతపండుతో తోమేవాణ్ణి.

మా గుడిలో నడుమెత్తున ఒక కొయ్య కంచె ఉండేది. లోపల, పీఠం దగ్గర, ఊళ్లో పెద్ద కులాల కిరస్తానీలు. బయట, తలుపు దగ్గర, కూలికీ దూది మిల్లుకీ పోయే మేం తెలుగువాళ్లం. మనందరికీ తండ్రి ఒక్కడే అని వాళ్లు ఎంతో శ్రావ్యంగా పాడేవాళ్లు, కంచె లోపలనుంచి. ఉపదేశినన్న దయతో నాకు మాత్రం లోపల ఒక మూల నిలబడే భాగ్యం దక్కింది. ఆ మూడడుగుల చోటు కోసం నేను మావాళ్లకేసి చూడటమే మానేశాను.

అలాంటి సమయంలో మేత్రాసనం నుంచి పెద్ద సామి, అంటే బిషప్పుగారు, వస్తున్నారని కబురొచ్చింది. సీమనుంచి వచ్చిన తెల్లాయన, తమిళం పుస్తకాల్లో నేర్చుకున్నారు. నుదుట పరిశుద్ధ తైలం రాసి విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం ఇస్తారట, ముందు ఒక్కొక్కరిని ఒక ప్రశ్న అడుగుతారట. మావాళ్లలో పదకొండుమంది తయారయ్యారు. అందులో మా అవ్వ ఒకతె. ఎన్నేళ్లుగానో వాయిదా పడుతూ వచ్చిన సంస్కారం అది ఆమెకు. నా పరువు పోయేది ఆమె దగ్గరేనని నాకు ముందే తెలుసు.

"అవ్వా, సర్వేసురన్ ఎంగే ఇరుక్కిరార్, దేవుడెక్కడున్నాడు అంటే ఏం చెప్పాల? ఎంగుమ్ ఇరుక్కిరార్ అనాల. అన్ని చోట్లా ఉన్నాడని."

"అన్ని చోట్లా ఉండాడు. నాకు తెలుసు కదరా."

"తమిళంలో చెప్పాల! పెద్ద సామికి తెలుగు రాదు. దేవుడికి కూడా రాదు."

అవ్వ దీపం వత్తి తిప్పుతున్న చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది. "మా అమ్మ సచ్చేటప్పుడు తెలుగులోనే కదరా పిలిచింది? వచ్చినాడే!" అంది. నేను గొంతు పెంచి మళ్లీ మొదట్నుంచీ చెప్పించాను (పంతుళ్లందరం చేసే పనే). అవ్వేమో విరుదునగర్ మిల్లులో ముప్పై ఏళ్లు దూది ఏరి, మేస్త్రీల దుమ్ము తమిళంలోనే దులిపిన మనిషి. కానీ దేవుడి సంగతి వచ్చేసరికి ఆమె నోట తెలుగు తప్ప మరోటి వచ్చేది కాదు.

ఆ రోజు గుడి నిండిపోయింది. పెద్దవాళ్లందరూ పట్టు అంగవస్త్రాలతో లోపల. పెద్ద సామి కంచె దగ్గరికొచ్చి, ఇవతల వరసగా నిలబడ్డ మావాళ్లను అడుగుతున్నారు. పదిమంది చిలకల్లా చెప్పారు. నేను ఉబ్బిపోతున్నాను. పదకొండోది అవ్వ.

"సర్వేసురన్ ఎంగే ఇరుక్కిరార్, పాట్టీ?"

అవ్వ కంచెను చూసింది, పీఠాన్ని చూసింది, తెలుగులో చెప్పింది: "ఈ కంచెకు ఆ పక్క ఉండాడని అంటారు సామీ. పొయ్యి చూసేదానికి మమ్మల్ని విడరు."

మావాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద సామి నా వైపు తిరిగి, ఏమంటోందని తమిళంలో అడిగారు. నా మూడడుగుల చోటు కళ్లముందు కదిలింది. "దేవుడు అన్ని చోట్లా ఉన్నాడంటోంది, ఆండవరే" అన్నాను, గొంతు కూడా తడబడకుండా.

"నల్లదు, నల్లదు" అని, మంచిదన్నట్టు తలూపి, ఆయన తైలం గిన్నె అందుకోబోయారు. అవ్వ చెయ్యెత్తి, శుద్ధమైన తమిళంలో, "నాన్ అప్పిడి సొల్లలెయే సామీ" అంది. నేనట్లా చెప్పలేదే అని! ఆ తర్వాత తన మాటను తనే తమిళంలో, మిల్లు మోతలో మేస్త్రీకి వినబడేంత గట్టిగా, మళ్లీ చెప్పింది.

పెద్ద సామి చెవులదాకా ఎర్రబడ్డారు. కంచె తలుపు తోసుకుని ఇవతలికొచ్చి, అవ్వ నిలబడ్డ చోటే నుదుట తైలం రాసి, ఆచారం ప్రకారం చెంప మీద మెల్లిగా తట్టారు. మిగతా పదిమందికీ అక్కడే రాశారు. నాకు మటుకు నేల చీలితే దూరిపోదామనిపించింది.

కంచె కూలిందనుకునేరు! ఆయన లోపలికెళ్లి అందరినీ దీవించి, పెద్దింట్లో కోడికూర భోంచేసి, కారెక్కి వెళ్లిపోయారు. వారం తిరిగేలోపు మా పెద్దమనుషులు విశ్వాసంలో ఎంత స్థిరపడ్డారంటే, కంచెకు కొత్త రంగు వేయించి, తలుపుకి గడియ కూడా బిగించారు. మా ఊరి సామియారు నన్ను పిలిపించి, "అబద్ధం చెప్పినావని కాదురా, ముసల్దాని నోరు ముందే కట్టలేదే, అదే నీ తప్పు" అని ఉపదేశి పనిలోంచి తీసేశారు. అంత నిజాయితీగా ఆయన చేసిన ప్రసంగం నాకు మరొకటి గుర్తులేదు.

మర్నాటి నుంచి మిల్లుకు పోసాగాను. ఆదివారం వచ్చింది. గుడి తలుపు దగ్గర ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయాను. అవ్వ పక్కకు జరిగి, చేత్తో నేల తట్టింది. మోకరించాను.

"అవ్వా, ఆ రోజు నీ మాటను అట్లా మార్చి..."

"ఊరుకోరా, సామి చదవతాండాడు" అంది. కాసేపయ్యాక నా చెవి దగ్గర, "కోటు విప్పెయ్యి, చెమట కంపు" అంది.

ఇప్పుడు నా మోకాళ్లు మోకరించనివ్వవు. గోడకానుకుని కూర్చునే జపం చెప్పుకుంటాను, తెలుగులోనే. ఆ ఇరవై ఏళ్ల కోటు పండితుడు ఎప్పుడైనా ఎదురుపడితే, ముందు నెత్తిన ఒకటి మొట్టి, తర్వాత పాపం, కాసిని మంచినీళ్లు ఇవ్వాలనిపిస్తుంది.