రెండు మడత కుర్చీలు

అక్టోబరు 12, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. ఎదురింటి ఫ్లాట్‌లో. ఉన్నవారు: ఇంటాయన, ఆయన భార్య, ఒక నర్సు, ఒక ట్రక్కు డ్రైవరు, నేను.

నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. రిటైరయ్యేదాకా ఇక్కడే, జెర్సీ సిటీలోనే, నీటి పంపుల దగ్గర ఇంజినీరుగా పనిచేశాను. గంట గంటకూ రీడింగులు రాసిన చెయ్యి ఊరికే ఉండదు. “చిత్రగుప్తుడికి సెలవిచ్చారా?” అంటుంది మా ఆవిడ.

ఇంటాయన క్యూబావాడు. అక్కడ స్కూలు టీచరు. స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలని సంతకాలు సేకరించినందుకు జైల్లో పెట్టారు; విడిచిపెట్టాక దేశం వదిలి పొమ్మన్నారు. ఇక్కడ తెల్లవారుజాము నుంచి బేకరీలో పని. మధ్యాహ్నాలు, ఇంకా జైళ్ళలో ఉన్నవాళ్ళ గురించి పత్రికలకూ సెనెటర్లకూ ఉత్తరాలు రాస్తాడు. వాటిలో ఇంగ్లీషు సరిదిద్దడం నా వంతు. శనివారాల సమావేశానికి ఆయన ఇంట్లో ఉన్నవి మూడే కుర్చీలు. మిగతా రెండు మడత కుర్చీలు మావి. వాటిలో నేనూ డ్రైవరూ కూర్చునేవాళ్ళం.

ఆ శనివారం మందుల గురించి మాట్లాడుకున్నాం. ఖైదీల ఇళ్ళకు పంచడానికి హవానాలో ఉన్న ఆయన చెల్లెలికి ఎవరిచేత, ఏ రోజు పంపాలో ఖాయం చేశాం. ఆ వచ్చే శుక్రవారం మందులు చేరాయి. గంట తిరక్కుండానే పోలీసులు వచ్చి ఆమెను తీసుకుపోయారు. మా ఐదుగురికే తెలిసిన సంగతి అది.

ఆదివారం సాయంత్రం ఆయన మా తలుపు తట్టాడు. మా ఆవిడ ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

“ఇంజినీర్, మీరు అన్నీ రాస్తారు కదా. ఆ శనివారం చదివి వినిపించండి.”

మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులో. తెలుగు వాక్యాలను ఒక్కొక్కటే ఇంగ్లీషు చేసి చదివాను. డ్రైవరు ఫోన్ వచ్చిందని బాల్కనీలోకి వెళ్ళి తొమ్మిది నిమిషాలు ఉన్నాడన్న చోట నా గొంతు కొంచెం లేచింది. రెండు రోజులుగా నా అనుమానమంతా ఆ తొమ్మిది నిమిషాల మీదే.

“నిమిషాలు ఎందుకు లెక్కపెట్టారు?” అన్నాడాయన.

“అలవాటు.”

“మా వీధిలో ఒకావిడ ఉండేది. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎంతసేపున్నారు, అన్నీ నోట్‌బుక్‌లో రాసేది. సర్కారు పెట్టిన మనిషి. మంచావిడే, మా చెల్లెలి పెళ్ళికి కేకు చేసింది. నా విచారణలో ఆ నోట్‌బుక్కే చదివారు.”

“నేనెవరికీ చూపించనండీ.”

“నాకు చూపించారుగా.” ఆయన పేజీ మీదికి వంగాడు. “మా చెల్లెలి వీధి పేరు ఉందా ఇందులో?”

చూసుకున్నాను. ఉంది. మందులు పంపే రోజు కూడా ఉంది.

“తెలుగులో ఉంది కదా, ఎవరు చదువుతారు?” అన్నాను.

వంటగది గుమ్మంలోంచి మా ఆవిడ తెలుగులో అంది: “ఎవరు చదువుతారేమిటండీ? ఫోన్ పైన పెడితే ఏ భాషైనా చదివేస్తోంది. మొన్న బుధవారం ఈ డైరీని అందరూ వచ్చిపోయే లాండ్రీ రూములో వదిలేసి వచ్చారు కదా, పూటంతా అక్కడే పడుంది!”

“ఏమంటున్నారు?” అన్నాడాయన.

“టీ చల్లారిపోతోందట.”

ఆయన నా ముఖం వైపు కాసేపు చూశాడు. ఆ తర్వాత ఆమె ముఖం వైపు. లేచి, ఆమెకు మాత్రం థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం ఆరున్నరకు తలుపు తీస్తే, మా రెండు మడత కుర్చీలూ గోడకు ఆనించి ఉన్నాయి. శుభ్రంగా తుడిచి పెట్టారు.

“డ్రైవరుది కూడానా?” అంది మా ఆవిడ. “అబద్ధం మీరాడితే అతనేం చేశాడండీ?”

లాండ్రీ రూము సంగతి చెప్పేద్దామని వెళ్ళి ఎదురింటి తలుపు తట్టాను. అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. లోపల గొలుసు పడింది.