కాఫీ తాగినవాడే ఆడాలి

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మా పుదుచ్చేరిలో బావను ఎరిగిన తెలుగువాళ్లలో చాలామందికి ఈ అక్షరాలు రావు. అక్షరాలు వచ్చినవారు ఆయన్ను ఎరగరు. నాకూ బడి నేర్పలేదు లెండి. కొట్లో పొట్లాలు కట్టే కాగితాల మీద కూడబలుక్కుని నేర్చుకున్నవే ఇవి. మంగళవారం పొద్దున బావ పోయాడు. ఏడుపు రాలేదు. కొట్టు తెరిచి, మళ్లీ మూశాను.

బావది పరాగ్వే. అక్కడ పెద్ద ఫుట్‌బాల్ జట్టులో ఎడమవైపు డిఫెండరుగా ఆడి, కలకత్తా క్లబ్బు పిలిస్తే ఈ దేశం వచ్చాడు. మోకాలు విరిగింది. గాలి మార్పుకని మా ఊరు వచ్చి, ఆసుపత్రిలో కట్టు కట్టిన నర్సును పెళ్లాడాడు. ఆ నర్సు మా అక్క. ఇక ఆడలేడు గనక ఆడించడం మొదలుపెట్టాడు. మా పేట మురుంగపాక్కం జట్టుకు మేనేజరయ్యాడు. మేనేజరంటే బ్యాంకులోనే ఉంటాడనుకుని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది.

మ్యాచ్ రోజున ఆయన ఉపన్యాసాలు ఇచ్చేవాడు కాదు. జట్టంతా అక్క ఇంటి వసారాలో నిలబడితే, పదకొండు గ్లాసుల కాఫీ తన చేత్తో పంచేవాడు. గ్లాసు అందినవాడు ఆడతాడు. అందనివాడు ఎందుకని అడిగితే, "నన్ను కాదు, నీ కాళ్లను అడుగు" అనేవాడు. నేను రెండో గోల్‌కీపర్ని. మూడేళ్లలో ఒక్క గ్లాసూ అందలేదు.

వీరాంపట్టినం జట్టుతో ఫైనల్ రోజున అమ్మ అక్క ఇంట్లోనే ఉంది. బావ లోపల మోకాలికి పట్టీ చుట్టుకుంటుంటే, ట్రే తనే ఎత్తుకొచ్చింది.

"ఏందిరా అట్ట వాడిపోయినావు? ఇంద, తాగు" అని మొదటి గ్లాసు నాకిచ్చింది. అది నాది కాదని నాకు తెలుసు. గటగటా తాగేశాను. చివరికి మా అసలు కీపరు ఒట్టి చేతులతో మిగిలాడు.

బావ వచ్చి చూశాడు. అత్తగారు చేత్తో ఇచ్చినదాన్ని నలుగురిలో కాదనడం ఆ అల్లుడి వల్ల కాలేదు.

"తాగినావు గదా బామ్మర్దీ. ఆడు."

నాలుగు గోల్స్ తిన్నాను. "వీణ్ణి ఎవరు దించింది?" అని కమిటీ అడిగితే, "నేనే" అన్నాడు. పని ఊడింది. రెండేళ్లు బస్సెక్కి బాహూరు పోయి, కోతలయ్యాక వచ్చే రైతులకు ఆట నేర్పాడు. బాహూరు చెరువు సంగతి మొదలుపెడితే ఇంకో పేజీ కావాలి, ఉండనీండి. మళ్లీ ఇక్కడివాళ్లే పిలిచారు. ముప్పై ఏళ్లు నడిపాడు, కప్పులు తెచ్చాడు. బామ్మర్ది కోసం ఫైనల్ పోగొట్టాడన్న మాట మాత్రం పోలేదు. మొన్న మట్టిచ్చే చోట కూడా ఒకాయన అన్నాడు. నేను నోరు మెదపలేదు. అందుకే రాస్తున్నాను. ఆ తప్పు నాది.

నాలుగో రోజు అక్క దగ్గర కూర్చున్నాను.

"అక్కా, ఆ కాఫీ నాది కాదని తెలిసే తాగినా."

"తెలుసులేరా. ఆయనకీ తెలుసు."

"మరి ఒక్కనాడూ అడగలేదే?"

"అడిగుంటే నువ్వు మా ఇంటికొచ్చేవాడివా?" అంది. తల పైకెత్తి చూసి, "సరి, పైన తొట్టి పొంగుతాండాది. మోటారు ఆపు పో" అంది.

లేచి ఆపాను. గోడ మీద నీళ్లు ఇంకాసేపు కారాయి.