కిలియన్ మామయ్య గని దీపం

మా పక్కింటి కిలియన్ మామయ్య ముప్పయ్యొక్క ఏళ్ళు డ్యూర్న్‌బర్గ్ ఉప్పు గనిలో పనిచేశాడు. ఇంటికి రాగానే భార్య నాట్‌బుర్గ అత్తయ్య అడిగేది ఒకటే: "లోపల ఎలా ఉంటుంది?" ఆయన జవాబూ ఒకటే: "మన చర్చిలా ఉంటుందే, ఎటు చూసినా దీపాలే."

చూపిస్తానని మాత్రం ఒక్కనాడూ అనలేదు. తవ్వకం ఆగి, గని సందర్శకుల పాలయింది. నేను అందులోనే గైడ్‌గా చేరాను. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో వచ్చి చూసి పోతున్నా, ఈయన మోకాళ్ళనీ, మంచనీ ఏదో వంక పెట్టేవాడు. అత్తయ్యను చూస్తే నాకే జాలేసేది.

ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో కళ్ళ డాక్టరు, క్రిస్మస్ నాటికి ఆమెకు చూపు పోతుందని తేల్చేశాడు.

"కళ్ళున్నప్పుడే నీ చర్చి చూపించు, ముసలోడా," అంది అత్తయ్య. ఇక ఆయనకు తప్పలేదు.

గని వాకిట్లో మామయ్య నన్ను పక్కకి లాగాడు. "ఆఫ్రా, ఈపూట లైట్లు ఆర్పకే తల్లీ."

పూర్వం ఈ కొండల్లో బతికిన కెల్టులనే జాతివాళ్ళు తవ్విన సొరంగం దగ్గర ఒక్క నిమిషం లైట్లన్నీ ఆర్పడం మా ఆనవాయితీ. ఆ పాతకాలపు వాళ్ళు ఎలాంటి చీకట్లో పనిచేశారో తెలియాలని.

"ఎందుకు మామయ్యా?"

"లోపల చీకటని తెలిస్తే భయపడి నిద్ర మానేస్తుందని అప్పట్లో అబద్ధం చెప్పాను. ఇప్పుడు బయటపడితే మొహం ఎక్కడ పెట్టుకోను?"

సరేనన్నాను. ఆ పూట వాళ్ళిద్దరే వచ్చారు. గనిలో కిందికి దిగే చెక్క జారుడుబల్ల మీద ఆయన నడుం పట్టుకుని జారుతూ, "మెల్లగా పోవయ్యా, చంపేస్తావా!" అని అత్తయ్య కేకలు పెట్టి నవ్వింది.

సొరంగంలో ఉప్పు గోడకి అంటుకుని, సగం కాలిన పైన్ పుల్లలున్నాయి. కెల్టులు వెలిగించుకున్నవి. రెండున్నర వేల ఏళ్ళ నాటివి.

"ముందు షిఫ్టు వాళ్ళవి," అన్నాడు మామయ్య. "డ్యూటీ ఎక్కేటప్పుడు వీటిని తాకి 'గ్లుక్ అవుఫ్' అని మా గనివాళ్ళ పద్ధతిలో పలకరించేవాణ్ణి."

"వాళ్ళు పలికేవాళ్ళా?" అంది అత్తయ్య.

"నీ అంత వాగేవాళ్ళు కాదులే."

అత్తయ్య ఆ పుల్లల్ని వేళ్ళతో తడిమింది. "ఆఫ్రా, లైట్లు ఆర్పు. అందరికీ ఆర్పుతావటగా."

మామయ్య తల దించుకున్నాడు. మీట నొక్కాను. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి.

"బుర్గీ, నేను..." అని ముద్దుపేరుతో మొదలెట్టాడు మామయ్య.

"నోర్మూసుకో. నీ కార్బైడ్ దీపం రోజూ తోమిందెవరు? లోపలంతా దీపాలే అయితే నీ దీపం రోజూ అడుగంటా ఎందుకు కాలిపోయేది? మొదటి వారంలోనే తెలిసిపోయింది నాకు."

"మరి రోజూ ఎందుకడిగావే?"

"నేను నమ్మాననుకుంటేనే నువ్వు నిశ్చింతగా పనికి పోతావని."

మామయ్య ఏడుస్తున్నాడని ఊపిరిని బట్టి తెలిసింది. మీట కోసం తడుముకున్నాను.

"అప్పుడే వెయ్యకే," అంది అత్తయ్య. "ఏమయ్యా, నీ దీపం ఆరిపోయినప్పుడు ఎలా నడిచేవాడివి? క్రిస్మస్ తర్వాత షిఫ్టు నాదేగా."

మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఎడమ చెయ్యి గోడకి ఆనించు, బుర్గీ. కుడి చెయ్యి నాకివ్వు."