ఎడమ మూలన పెద్ద ముడి

చిక్కడపల్లి గల్లీలో స్వరూప పదహారేళ్లుగా మగ్గం పని చేస్తోంది. పెళ్లి జాకెట్ల చేతుల మీద పువ్వులు, నెమళ్లు కుడుతుంది. ఒకరోజు రోజా కుర్తా పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి నారాయణగూడలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్న అమ్మాయి. పుట్టుకతోనే చూపు లేదు. పక్కనే మగ్గానికి బిగించి ఉన్న జాకెట్టును తడిమి, "అక్కా, ఈ పువ్వుకు ఒక పూస తక్కువుంది" అంది.

స్వరూప లెక్కబెట్టింది. నిజమే. రెండుసార్లు చూసి కూడా తాను పట్టుకోలేదు.

"గీ వేళ్లు నాకుంటే ఎక్కడుండేదాన్నో!"

"ఏం లాభం అక్కా? సారు బోర్డు మీద గీస్తడు, నేను వింట. గ్రాఫులున్న పేపర్ నీకెందుకు, వేరేది తీసుకో అంటుండు. శుక్రవారం లోపు చెప్పాల్నట. నాకు గదే పేపర్ కావాలె."

"గీతలేనా? గీతలైతే నేను కుడ్త."

రోజా ఫోన్‌లో పంపిన గ్రాఫు బొమ్మ చూసి స్వరూప జరీతో, చమ్కీలతో కుట్టింది. అంచు చుట్టూ తీగలు కూడా పెట్టింది. మర్నాడు రోజా తడిమి నవ్వాపుకోలేకపోయింది.

"ఏందక్కా, ఇది గ్రాఫా, పెళ్లి జాకెట్టా? ఏది గీతో ఏది తీగో తెలుస్తలేదు."

స్వరూప ముఖం చిన్నబోయింది. అయినా మొత్తం విప్పేసింది. పని తెలిసినవాళ్లకు కుట్టడం ఎంత బాగా వస్తుందో విప్పడం కూడా అంత బాగా రావాలి. రెండోసారి ఒక్క చమ్కీ లేదు. సరుకు చూపే అడ్డగీతకూ ధర చూపే నిలువు గీతకూ గొలుసు కుట్టు. రోజా చెప్పినట్టే కొనేవాళ్ల గీతకు నున్నటి తాడు, అమ్మేవాళ్ల గీతకు పూసలు, అవి కలిసేచోట గుండీ. పన్ను వేస్తే అమ్మేవాళ్ల గీత పైకి జరుగుతుందట. ఆ కొత్త గీతకు పూసలు ఎడంగా వేసింది. తర్వాత కళ్లకు చున్నీ కట్టుకుని తడిమింది. పైన ఏదో కింద ఏదో తనకే తెలియలేదు. ఎడమవైపు కింది మూలన ఒక పెద్ద ముడి వేసింది.

శుక్రవారం కాలేజీలో, ఆ పేపర్ చెప్పే ఫణికిరణ్ సార్ ఆ బట్టను తన బల్ల మీద పరుచుకున్నాడు. స్వరూప తలుపు దగ్గర నిలబడింది.

"పన్ను వేస్తే ధర ఏమైతదో చూపించు."

ఎదురుగా కూర్చున్న రోజా వేళ్లు బట్టంతా తిరిగి ఆగిపోయాయి.

"కష్టమమ్మా, ముందే చెప్పిన గద" అన్నాడు సార్.

"కష్టం కాదు సార్. మీ దిక్కు సక్కగ పెట్టుకున్నరు, నాకు తలకిందులైంది."

రోజా ముడి పట్టుకుని బట్టను తన వైపు తిప్పుకుంది. వేళ్లు పూసల వెంట పైకి వెళ్లాయి. "పాత ధర ఇది. పన్ను పడ్డంక ఇది. పెరిగింది సార్. కానీ పన్ను ఎంతనో అంత పెరగలే. కొంత అమ్మేటోళ్ల మీద కూడా పడ్డది."

సార్ వంగి తన వేలితో కొలుచుకున్నాడు. "ఈ మాట క్లాసుల సగం మంది చెప్పరు" అంటూ ఆ పేపర్ కోసం రోజా నింపిన ఫారం మీద సంతకం పెట్టాడు. స్వరూప వైపు చూశాడు. "ఇంకా ముప్ఫై గ్రాఫులున్నయి. కుట్టి నేరుగ నాకే ఇచ్చెయ్యమ్మా."

"నేరుగ ఇయ్య సార్. ముందు రోజా తడమాలె. ఆమె సరే అన్నదే మీకొస్తది."

మెట్లు దిగుతుంటే రోజా అంది. "తీగలు పెట్టకు అక్కా."

"పెట్ట. నువ్వు పట్టా తీసుకునే నాడు ఏసుకునే జాకెట్టుకు నెమలి కుడ్త. ఒక్క పూస తక్కువుంటే అడుగు."