మా హౌజులో సముద్రం

జమ్మికుంటలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. సముద్రపు అలలతో కరెంటు తీసే పాఠం వచ్చినప్పుడల్లా క్లాసు మర్యాదగా నిద్రపోతుంది. అలకు నీళ్లు లేస్తే పైనున్న గాలి బయటికి తోసుకుపోతుంది, దిగితే వెనక్కి వస్తుంది, ఆ గాలికి ఫ్యాను తిరుగుతుంది అంటే, "రాసుకున్నం మేడం" అంటారు. రాసుకోవడం వేరు, అడగడం వేరు. ఈసారి ఒక్కరితోనైనా ప్రశ్న అడిగించాలని పంతం పట్టాను.

పెరట్లో హౌజు, అదే సిమెంటు తొట్టి, నిండా నీళ్లున్నాయి. నీలం డ్రమ్ము అడుగు కోసేసి, మూతి దగ్గర చిన్న ఫ్యాను, అది తిప్పితే కరెంటిచ్చే మోటారు, ఎల్ఈడీ బల్బు బిగించాను. అలలు లేవు కాబట్టి డ్రమ్మునే ముంచి లేపాలి. ఆ పని మా ఆయనది.

"ఎండకాలమొస్తే గోదావరే ఇసుక దేలుతది. నీకు సముద్రం గావాల్నా?"

"సముద్రం నువ్వే. మాటలు బంద్ వెట్టి జర ఊపు."

ముంచితే బల్బు వెలిగింది, లేపితే ఆరింది. గాలి వెనక్కి మళ్లగానే ఫ్యాను కూడా ఎదురు తిరుగుతోంది. ఎల్ఈడీకి కరెంటు ఒకవైపు నుంచి వస్తేనే వెలుగు.

"గిది దీపం గాదే, కన్ను గొడుతుంది. పిల్లలు నవ్వుతరు."

"నవ్వనీ. నిద్రయితే పోరు గదా!" అన్నాను గానీ గుచ్చుకుంది. సగం పనిని క్లాసుకు మోసుకుపోయే రకాన్ని కాను.

శనివారం మా చర్చి హార్మోనియం పాట మధ్యలో గురక పెట్టింది. వాయించేది నేనే, విప్పేదీ నేనే. తిత్తి లోపల తోలు మూత చిరిగింది. అతికిస్తూ ఆగిపోయాను. చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడినా, ఈ మూతలు గాలిని ఒకేవైపు పోనిస్తాయి. ఇన్నేళ్లుగా వాయిస్తున్నాను, పాఠమూ చెబుతున్నాను, రెండూ ఒకచోట కలవలేదు!

ఆదివారం ఆరాధన అయ్యాక సైకిల్ ట్యూబు కోసి నాలుగు మూతలు చేశాను. గాలి బయటికి పోయినా, లోపలికి వచ్చినా, ఫ్యానును ఒకే పక్క నుంచి తాకేలా దారులు పెట్టాను. మా ఆయన ముంచాడు, లేపాడు. బల్బు కొంచెం సన్నగిల్లింది గానీ ఆరలేదు.

"అరె, ఆరలే!"

"ఆరదు. ఊపు."

"నా రెక్కలు గుంజుతున్నయే. సముద్రానికి జర చాయ్ పొయ్యి."

పోశాను, అల్లం దంచి మరీ.

సోమవారం డ్రమ్మును ఆటోలో వేసుకుపోయి, క్లాసును కాలేజీ నీళ్ల తొట్టి దగ్గరికి లాక్కెళ్లాను. చివరి బెంచీ అమ్మాయి డ్రమ్ము లేపుతూ ఆగింది.

"మేడం, గాలి ఉల్టా వస్తుంది గదా? ఫ్యాన్ ఉల్టా ఎందుకు తిరుగుతలేదు?"

"నువ్వే చెప్పు."

పక్కమ్మాయి అప్పటికే ట్యూబు మూతలో వేలు పెట్టి చూస్తోంది. బెల్లు కొట్టినా ఒక్కరూ కదలలేదు. తర్వాతి క్లాసు లెక్కల సారు వచ్చి నాతో గొడవ పెట్టుకున్నాడు. అంత హాయిగా నేనెప్పుడూ గొడవ పడలేదు.